హైస్కూలులో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు: కాలిఫోర్నియా తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

మా అబ్బాయి కాలేజీలో లెక్కల క్లాసుకు వెళ్తున్నాడని ఫోనులో చెప్పగానే, ఏలూరులో ఉన్న మా నాన్నగారు "జూనియర్ కాలేజీయేనా? అయితే ఇంటర్‌లో చేరాడన్నమాట" అన్నారు. ఆయన పొరబడింది పెద్దగా ఏమీ లేదు. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలను ఒకప్పుడు జూనియర్ కాలేజీలనే పిలిచేవారు. శాంటా రోసా జూనియర్ కాలేజీ పేరులో ఆ మాట ఇప్పటికీ ఉంది. కాకపోతే మన ఇంటర్ డిగ్రీకి ముందు మెట్టు, ఇది డిగ్రీలోనే మొదటి రెండేళ్ల చదువు. పదో తరగతి పిల్లవాడు అక్కడ తెచ్చుకున్న గ్రేడు, పక్క బల్ల మీద కూర్చున్న పాతికేళ్ల విద్యార్థి గ్రేడు లాగే కాలేజీ రికార్డుకు ఎక్కుతుంది. మళ్లీ దిగదు.

తెలుగు సంఘాల భోజనాల దగ్గర వినిపించేది మాత్రం వేరు. "ఫ్రీ అండీ, ఒక ఏడాది ఫీజు మిగులుతుంది, చేర్పించేయండి" అంటారు. ఫ్రీ అన్నది చాలావరకు నిజమే. ఏడాది మిగలడం మాత్రం పిల్లలు తర్వాత ఎక్కడ చదువుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ముందు గమ్యం, తర్వాత కోర్సు, చివర ఫారం అన్న వరుసలో రాస్తున్నాను. మా పెద్దవాడి విషయంలో మేము సరిగ్గా దీనికి తిరగేసి చేశాం.

కాలిఫోర్నియా గురించే రాస్తున్నాను, ఇద్దరు పిల్లలతో నడిచిన దారి అదే కాబట్టి. ఈ రాష్ట్రంలో 73 కాలేజీ జిల్లాల (కాలేజీలను నడిపే పాలనా విభాగాల) కింద 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. ఫ్రీమాంట్‌లో ఉన్నవారికి ఓలోనీ, డబ్లిన్, ప్లెజంటన్ వైపువారికి లాస్ పోసిటాస్, కూపర్టినోలో డి ఆంజా, ఇర్వైన్‌లో ఇర్వైన్ వ్యాలీ. మన వాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లన్నిటికీ ఏదో ఒక కాలేజీ కారులో పావుగంట, అరగంట దూరంలోనే ఉంటుంది.

ఏ దారిలో వెళ్తున్నారో తెలుసుకోండి

దారులు రెండు. మొదటిది, కాలేజీకీ మీ హైస్కూలు జిల్లాకూ ఒప్పందం ఉండి, కాలేజీ కోర్సును స్కూల్లోనే, స్కూలు వేళల్లోనే చెప్పడం. 2015లో వచ్చిన ఏబీ 288 చట్టంతో ఇది విస్తరించింది. దీన్ని సీక్యాప్ అంటారు. ఇందులో టర్ముకు, అంటే సెమిస్టర్ వంటి ఒక విడతకు, 15 యూనిట్ల వరకు తీసుకోవచ్చు (యూనిట్ అంటే కోర్సు పరిమాణానికి కొలత), పుస్తకాలకు కూడా డబ్బు అడగరు. కాగితాల పని చాలావరకు స్కూలే చూసుకుంటుంది. మీ స్కూల్లో ఇది ఉంటే, అందులో మీకు కావలసిన కోర్సు ఉంటే, మరో ఆలోచన లేకుండా ఇదే తీసుకోండి.

రెండోది, పిల్లలే సొంతంగా కాలేజీలో చేరి, మామూలు విద్యార్థులతో కలిసి సాయంత్రమో, ఆన్‌లైన్‌లోనో, వేసవిలోనో చదవడం. ఇందులో టర్ముకు 12 యూనిట్ల లోపు, అంటే 11 వరకే. మామూలు విద్యార్థులు యూనిట్‌కు 46 డాలర్లు కట్టాలి, హైస్కూలు పిల్లలకు చాలా కాలేజీలు ఆ ఫీజు తీసుకోవు. ఆరోగ్య సేవల రుసుము, పార్కింగు, పుస్తకాల వంటివి మీద పడవచ్చు. క్లాసుల పట్టికలో పుస్తకం ఖర్చు లేని కోర్సులకు ప్రత్యేకంగా గుర్తు వేస్తారు, ఆ గుర్తున్నవే ముందు చూడండి. కొన్ని సైన్సు పుస్తకాలు, వాటితో వచ్చే ఆన్‌లైన్ కోడులు వంద డాలర్లు దాటిపోతాయి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఎక్కువగా ఈ రెండో దారి గురించే. తడబాట్లన్నీ జరిగేది ఇక్కడే.

గమ్యం: ఈ క్రెడిట్ ఎక్కడ చెల్లుతుంది?

రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, అంటే యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వైపు చూస్తున్నవారికి కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్ బంగారం. యూసీకి బదిలీ అయ్యే కోర్సు ఒకటి పదో తరగతిలోనో, పదకొండులోనో తీసుకుంటే, యూసీ లెక్కించే జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, దానికి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి) కోర్సుకు ఇచ్చినట్లే అదనపు పాయింటు కలుస్తుంది. బీ వస్తే 3 బదులు 4. ఈ అదనపు పాయింట్లకు మొత్తం మీద ఎనిమిది సెమిస్టర్ల పరిమితి ఉంది, అందుకే వరుసగా పది కోర్సులు చదివించి లాభం లేదు. ఇంకో సౌకర్యం: మూడు సెమిస్టర్ యూనిట్ల కాలేజీ కోర్సు ఒకటి, యూసీ అడిగే హైస్కూలు అర్హతల్లో ఏడాది చదువుకు సమానం. స్కూల్లో లేని భాషనో, కుదరని సబ్జెక్టునో ఒక్క సెమిస్టర్‌లో పూర్తి చేయవచ్చు.

ఎన్ని కాలేజీ యూనిట్లు ఉన్నా, హైస్కూలు పూర్తయిన వెంటనే వచ్చే వేసవి దాకా చదివినవే అయితే, యూసీ దృష్టిలో మీ అమ్మాయి మొదటి సంవత్సరం దరఖాస్తుదారే. "బదిలీ విద్యార్థి అయిపోతుందేమో" అన్న భయం చాలామందిలో చూశాను. ఆ భయం అక్కర్లేదు.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతి వేరు. పేరున్న వాటిలో చాలావరకు హైస్కూలు రోజుల్లో తీసుకున్న కాలేజీ కోర్సుకు క్రెడిట్ ఇవ్వవు. హైస్కూలు పట్టాకు ఆ కోర్సును వాడుకున్నట్లయితే ఇవ్వమని కొన్ని స్పష్టంగా రాస్తాయి. దరఖాస్తులో అది చదువు మీద ఆసక్తికి రుజువుగా పనికొస్తుంది, అంతవరకే. ప్రైవేటు వైపే గురి పెట్టిన పిల్లలకు, స్కూల్లో ఏపీ కోర్సు ఉండగా దాన్ని వదిలి అదే సబ్జెక్టుకు కాలేజీకి పరుగెత్తడం నా లెక్కలో దండగ.

మరి ఎవరికి నిజంగా మేలు? మన ఇళ్లలో తరచుగా కనిపించే ఒక పరిస్థితి చెబుతాను. పిల్లవాడు పదకొండో తరగతికే ఏపీ కాలిక్యులస్ బీసీ ముగించేశాడు. స్కూల్లో ఇక లెక్కలు లేవు. పన్నెండో తరగతి అంతా లెక్కలు ముట్టకుండా ఇంజనీరింగులో అడుగుపెడితే మొదటి సెమిస్టరే దెబ్బ తింటాడు. అలాంటివాడికి కమ్యూనిటీ కాలేజీలో మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఉంటాయి. ఏపీ ఆగిన చోట కాలేజీ మొదలవుతుంది. మా అమ్మాయి విషయంలో ఇదే చేశాం.

కోర్సు ఎంచుకోవడం

అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే సైటు తెరవండి. ఏ కమ్యూనిటీ కాలేజీలో ఏ కోర్సు ఏ యూసీలో, ఏ సీఎస్‌యూలో దేనికి సమానమో చెప్పే అధికారిక పట్టిక అదే. సంవత్సరం, కాలేజీ, విశ్వవిద్యాలయం, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటే ఎడమ వైపు విశ్వవిద్యాలయం కోర్సు, కుడి వైపు దానికి సమానమైన కమ్యూనిటీ కాలేజీ కోర్సు పక్కపక్కన కనిపిస్తాయి. కొన్ని చోట్ల ఒక కోర్సుకు బదులు రెండు కలిపి చూపిస్తారు. ఫిజిక్సులో ఇది మామూలే. అంటే ఒకటే చదివి ఆగిపోతే ఆ ఒక్కదానికి విలువ రాదు, వరుస మొత్తం అదే కాలేజీలో ముగించాలి.

2025 నుంచి ఒక మేలు జరిగింది. ఇదివరకు ఒక్కో కాలేజీ ఒకే కోర్సుకు ఒక్కో నంబరు పెట్టుకునేది. ఇప్పుడు ఉమ్మడి నంబర్లు వచ్చాయి: ఇంగ్లిష్ రచనకు ఇంగ్లిష్ సీ1000, స్టాటిస్టిక్సుకు స్టాట్ సీ1000, అమెరికా ప్రభుత్వానికి పోల్స్ సీ1000, సైకాలజీకి సైక్ సీ1000. పేరులో సీ అక్షరం, నాలుగంకెలు ఉంటే ఆ కోర్సు రాష్ట్రంలోని ఏ కమ్యూనిటీ కాలేజీలోనైనా ఒకటే. మొదటిసారి వెళ్లే పిల్లలకు వీటిలో ఒకటి సరిపోతుంది.

డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతిలో, అంటే సెమిస్టర్ కంటే చిన్న టర్ములతో, నడుస్తాయి. క్వార్టర్ యూనిట్ ఒకటి సెమిస్టర్ యూనిట్‌లో మూడింట రెండు వంతులు. అంటే అక్కడి అయిదు యూనిట్లు వేరే చోట మూడుంపావు కంటే కాస్త ఎక్కువ. రెండు కాలేజీల మధ్య పోల్చేటప్పుడు ఇది మరచిపోకండి.

ఇక అసలు లెక్క: పిల్లల సమయం. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ యూనిట్ అంటే విద్యార్థి చేయవలసిన పని కనీసం 48 గంటలు, క్లాసు, ఇంటి చదువు కలిపి. మూడు యూనిట్ల కోర్సుకు 144 గంటలు. పదహారు వారాల సెమిస్టరులో అది వారానికి తొమ్మిది గంటలు. అదే కోర్సు వేసవిలో ఆరు వారాలకు కుదిస్తే వారానికి 24 గంటలు. "వేసవిలో ఖాళీయే కదా, రెండు తీసుకో" అనే ముందు ఈ గుణకారం ఒక కాగితం మీద వేసుకోండి. రెండు కోర్సులంటే వారానికి 48 గంటలు, అలా వారమంతా పూర్తికాల ఉద్యోగం చేసే వయసు ఇంకా రాలేదు వాళ్లకి.

దరఖాస్తు: చిన్న గడులు, పెద్ద తలనొప్పులు

మొదట సీసీసీ అప్లై అనే సైటులో ఉచితంగా దరఖాస్తు చేయాలి. రాష్ట్రంలోని దాదాపు అన్ని కమ్యూనిటీ కాలేజీలకూ ఇదొక్కటే. మూడు చోట్ల జాగ్రత్త.

పేరు. మన పిల్లల పేర్లలో ఇంటిపేరు ముందో వెనకో, మధ్యలో ఒక పేరో రెండో, పాస్‌పోర్టులో ఒకలా, స్కూల్లో ఒకలా ఉంటాయి. హైస్కూలు రికార్డులో ఉన్నట్లే అక్షరం పొల్లు పోకుండా రాయండి. లేకపోతే రేపు కాలేజీ రికార్డు, స్కూలు రికార్డు ఒకరివే అని నిరూపించడానికి ఈమెయిళ్లు రాస్తూ కూర్చోవాలి.

విద్యార్థి స్థితి. "హైస్కూలులో, కాలేజీలో ఒకేసారి చదువుతున్నాను" అనే అర్థం వచ్చేదాన్నే ఎంచుకోవాలి. కంగారులో "మొదటిసారి కాలేజీకి వస్తున్న విద్యార్థి" అని నొక్కితే ఫీజు బిల్లు వచ్చి పడుతుంది.

నివాసం. ఇది హెచ్‌1బీ కుటుంబాలు తప్పక చదవాలి. హెచ్‌4 వీసా (హెచ్‌1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలు కాలిఫోర్నియా నివాసులుగా గుర్తింపు పొందవచ్చు, ఆ వీసా దానికి అడ్డు కాదు. టర్ము మొదలయ్యే నాటికి ఏడాదికి పైగా రాష్ట్రంలో ఉన్నట్లు, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నట్లు చూపాలి. మైనర్లకు తల్లిదండ్రుల నివాసాన్నే చూస్తారు: పన్ను పత్రాలు, డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి అద్దె ఒప్పందం. కంప్యూటర్ మొదట బయటి రాష్ట్రం లెక్క వేసి యూనిట్‌కు వందల డాలర్లు చూపిస్తే గుండె జారిపోనక్కరలేదు. అడ్మిషన్ల కార్యాలయానికి నివాస పత్రాలు పంపి తిరిగి పరిశీలించమని అడగండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే లేదని చెప్పే గడి ఉంటుంది, దానికోసం ఆగవద్దు.

ఇటీవల దొంగ దరఖాస్తులతో సీట్లూ ఆర్థిక సాయమూ కొట్టేసేవాళ్ల బెడద పెరిగి, కాలేజీలు గుర్తింపు తనిఖీలు పెంచాయి. దరఖాస్తు ఆమోదానికి కొన్ని రోజులు పట్టవచ్చు. రిజిస్ట్రేషన్ రేపనగా ఈ రోజు మొదలుపెట్టవద్దు.

తర్వాత ఆ కాలేజీ సొంత అనుమతి ఫారం. తల్లి లేక తండ్రి సంతకం, హైస్కూలు కౌన్సెలర్ లేక ప్రిన్సిపల్ సంతకం ఉండాలి. చాలా కాలేజీల్లో టర్ము టర్ముకూ కొత్తది. వేసవి కోర్సు కావాలంటే ఏప్రిల్‌లోనే కౌన్సెలర్‌ను కలవాలి. జూన్‌లో స్కూలు మూసేశాక సంతకం పెట్టే మనిషి కోసం వెతకడం, మన ఊళ్లో పెళ్లి ముహూర్తం నాడు పురోహితుణ్ణి వెతకడం లాంటిది. అదే సమయంలో ఇంకో మాట అడగండి: ఈ కోర్సును స్కూలు తన ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే గ్రేడ్ల అధికారిక పట్టికలో, ఎక్కిస్తుందా, ఎన్ని క్రెడిట్లుగా? జిల్లా జిల్లాకూ పద్ధతి వేరు. జవాబు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

ముందు చదివి ఉండవలసిన కోర్సు ఏదైనా ఉంటే దాని రుజువు కూడా ముందే పంపాలి. ఏపీ స్కోర్లు జూలైలో వస్తాయి, శరదృతువు రిజిస్ట్రేషన్ అంతకు ముందే మొదలైపోతుంది. అందుకని స్కూలు ట్రాన్స్‌క్రిప్ట్‌తో తాత్కాలికంగా అనుమతి ఇస్తారేమో అడిగి చూడండి.

సీటు దొరకడం, దాన్ని నిలబెట్టుకోవడం

హైస్కూలు పిల్లలకు రిజిస్ట్రేషన్‌లో చివరి వరుస. అది చట్టమే: మామూలు విద్యార్థుల సీటు వీళ్లు తీసుకోకూడదని. తేదీ వచ్చేసరికి సాయంత్రం క్లాసులు, మంచి పేరున్న అధ్యాపకుల క్లాసులు నిండిపోతాయి. నాలుగు ప్రత్యామ్నాయాలు రాసిపెట్టుకుని, తెరిచిన నిమిషంలో నమోదు చేయండి. వెయిట్‌లిస్టులో ఉన్నా మొదటి రోజు క్లాసుకు వెళ్లండి. రాని వాళ్ల పేర్లు అధ్యాపకుడు ఆ రోజే తీసేసి, ఎదురుగా కనిపించిన వాళ్లకు యాడ్ కోడ్ (క్లాసులో చేరేందుకు అనుమతినిచ్చే అంకె) ఇవ్వడం మామూలు. ఆ కోడ్ చేతికి రాగానే నమోదు పూర్తి చేయకపోతే అది పనికిరాదు.

ఆన్‌లైన్ క్లాసులో "మొదటి రోజు రావడం" అంటే కాలేజీ ఆన్‌లైన్ తరగతి గది అయిన క్యాన్వాస్‌లో మొదటి అసైన్‌మెంట్ పెట్టడం. మేము దెబ్బ తిన్నది ఇక్కడే. జూన్ మధ్యలో మా అమ్మాయి ఆరు వారాల ఆన్‌లైన్ క్లాసు మొదలైంది, మేమేమో ఖమ్మంలో మేనకోడలి పెళ్లిలో ఉన్నాం. గడువు రాత్రి 11:59 అని రాసి ఉంది. వేసవిలో కాలిఫోర్నియాకూ మనకూ పన్నెండున్నర గంటల తేడా, అంటే ఖమ్మంలో మర్నాడు మధ్యాహ్నం 12:29. ఆ అమ్మాయి మర్నాడు రాత్రి దాకా సమయం ఉందనుకుంది. తలంబ్రాలు అయ్యాక, భోజనాలకు లేచే వేళ ఫోను తీసి చూస్తే హాజరు లేనందుకు పేరు తొలగించినట్లు ఈమెయిల్. అధ్యాపకురాలికి మర్యాదగా రాసింది. వెయిట్‌లిస్టులోని వాళ్లకు సీటు ఇచ్చేశానని అంతే మర్యాదగా జవాబు వచ్చింది. ఇండియా ప్రయాణం ఉన్న వేసవిలో క్లాసు వద్దు. తప్పనిసరి అయితే ఫోనులో రెండో గడియారం పసిఫిక్ సమయానికి పెట్టుకోవాలి.

ఫోను పిల్లల చేతికి ఇవ్వండి

మన తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. కాలేజీలో అడుగుపెట్టిన విద్యార్థికి వయసు పదిహేనైనా, ఆ కాలేజీ చదువు రికార్డు మీద హక్కు ఫెర్పా అనే కేంద్ర చట్టం ప్రకారం ఆ విద్యార్థిదే. నేను అడ్మిషన్లకు ఫోను చేసి మా అబ్బాయి గ్రేడు గురించి అడిగితే, "మీ అబ్బాయి దగ్గర ఉన్నాడా? అతనితో మాట్లాడతాం" అన్నారు. ఫీజు కట్టేది నేను, కారు నడిపేది నేను, సంతకం పెట్టింది నేను! అయినా అంతే. వాడు ఫోను తీసుకుని రెండు నిమిషాల్లో పని ముగించాడు.

అధ్యాపకుడికి ఈమెయిల్ కూడా వాళ్లే రాయాలి, కాలేజీ ఇచ్చిన చిరునామా నుంచి, ఏ కోర్సు, ఏ సెక్షన్, విద్యార్థి నంబరు ఎంత అన్నవి పైన పెట్టి. మీరు పక్కన కూర్చుని అచ్చుతప్పులు చూడవచ్చు, అంతకు మించి వద్దు. స్కూల్లో చదువులో ప్రత్యేక సౌకర్యాలు, అంటే పరీక్షకు అదనపు సమయం వంటివి, పొందుతున్న పిల్లలుంటే ఇంకొక సంగతి: ఆ ఏర్పాటు దానంతట అది కాలేజీకి రాదు. కాలేజీలో వైకల్య సేవల కార్యాలయానికి విడిగా, క్లాసు మొదలవకముందే దరఖాస్తు చేసుకోవాలి.

వదిలేయాల్సి వస్తే

రిజిస్ట్రేషన్ అయిన రోజే రెండు తేదీలు వంటగది క్యాలెండర్ మీద రాయండి. రికార్డులో ఏ గుర్తూ లేకుండా వదిలేయగల చివరి తేదీ ఒకటి, సెమిస్టర్ కోర్సులో ఇది సాధారణంగా రెండు మూడు వారాల్లోనే వచ్చేస్తుంది. డబ్ల్యూ గుర్తుతో (విత్‌డ్రా, అంటే మధ్యలో మానేసినట్లు) వదిలేయగల చివరి తేదీ రెండోది, కోర్సులో నాలుగింట మూడు వంతులు గడిచేలోపు వస్తుంది. ఆ రెండోదీ దాటితే వచ్చిన గ్రేడే గ్రేడు.

మా పెద్దవాడు ఫిజిక్సులో మొదటి మిడ్‌టర్మ్ చూసుకుని వదిలేస్తానన్నాడు. "ఇంకో పరీక్ష చూద్దాం" అని నేనే ఆపాను. మన ఇంటర్‌లో లాగా చివరి పబ్లిక్ పరీక్షలో లేపేయవచ్చు అన్న అలవాటు బుద్ధి. ఇక్కడ క్విజ్‌లు, ల్యాబ్‌లు, మిడ్‌టర్మ్‌లు కలిసి అప్పటికే సగం మార్కులు పోయాయి. చివరికి డబ్ల్యూ తీసుకున్నాడు. డబ్ల్యూ జీపీఏలో కలవదు, ఒకటి ఉన్నంత మాత్రాన ఏ విశ్వవిద్యాలయమూ మొహం తిప్పుకోదు. కానీ డీ గ్రేడు యూసీ అడిగే హైస్కూలు అర్హతకూ పనికిరాదు, జీపీఏనూ వదలదు. సీ కూడా రాదని తేలితే తేదీ లోపల బయటపడడమే మంచిది. డీ, ఎఫ్, డబ్ల్యూ వచ్చిన కోర్సు మళ్లీ తీసుకోవచ్చు గానీ ఒకే కోర్సు మొత్తం మూడు సార్లకు మించి సాధారణంగా కుదరదు.

తర్వాత అదే కాలేజీలో ఆర్థిక సాయం కోరితే, ఇప్పటి డబ్ల్యూలు, ఎఫ్‌లు కూడా చదువు పురోగతి లెక్కలోకి వస్తాయి.

కోర్సు ముగిశాక

గ్రేడు వచ్చిన వారంలోనే కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ ఒకటి హైస్కూలుకు పంపండి. సొంత దారిలో వెళ్లినవారికి అది దానంతట అది చేరదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో మొదటి రెండు ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఉచితం. విశ్వవిద్యాలయ దరఖాస్తులో ఈ కోర్సును ఏ కాలేజీలో తీసుకున్నారో ఆ కాలేజీ పేరు కింద వేయాలి, స్కూలు ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపిస్తున్నా సరే. రెండు కాలేజీల్లో చదివితే రెండూ. బాగా రానిది దాచేయడం కుదరదు. సీటు వచ్చాక అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ పంపమంటారు, అప్పుడు తేడా బయటపడితే సీటే పోవచ్చు.

డాక్టర్ కావాలనుకునే పిల్లలకు ప్రత్యేకంగా: వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో హైస్కూలు నాటి కాలేజీ కోర్సులు సహా ప్రతి కాలేజీ ట్రాన్స్‌క్రిప్టూ అడుగుతారు, ఆ గ్రేడ్లు జీపీఏలో కలుస్తాయి. పదిహేనేళ్లప్పుడు సరదాకు తీసుకున్న కెమిస్ట్రీలో సీ వస్తే, ఇరవై రెండేళ్లప్పుడు అది పలకరిస్తుంది.

వేరే రాష్ట్రాల వాళ్లకు పేర్లు మాత్రం చెబుతాను. టెక్సస్‌లో దీన్ని డ్యూయల్ క్రెడిట్ అంటారు. అక్కడ ఉమ్మడి కోర్సు నంబర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇంగ్లిష్ 1301 అంటే అక్కడి ఏ కమ్యూనిటీ కాలేజీలోనైనా అదే. వాషింగ్టన్‌లో రన్నింగ్ స్టార్ట్, ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్. మిన్నెసోటాలో 1985లోనే మొదలైంది. ఫీజులు, వయసు నిబంధనలు ఎక్కడికక్కడ వేరు. గ్రేడు శాశ్వతమన్నది మాత్రం అన్ని చోట్లా ఒకటే.

ఇంకొక్క పని మిగిలింది, దీనికి అయిదు నిమిషాలు చాలు. కోర్సు ముగిసిన రోజే సిలబస్‌ను, వారం వారం పాఠాల పట్టికను, పుస్తకం పేరు, కూర్పు సంఖ్యను డౌన్‌లోడ్ చేసి ఒక ఫోల్డరులో పెట్టండి. టర్ము ముగిశాక క్యాన్వాస్‌లో ఆ క్లాసు తలుపు మూసుకుపోవచ్చు. మా అమ్మాయి విశ్వవిద్యాలయంలో చేరాక, లీనియర్ ఆల్జీబ్రాలో ఏయే అధ్యాయాలు చదివావో చూపించమని అక్కడి లెక్కల విభాగం అడిగింది. ఆ ఫోల్డరు ఉంది కాబట్టి మధ్యాహ్నం అడిగితే సాయంత్రానికి పంపింది, ఆ కోర్సు మళ్లీ కూర్చుని చదవలేదు.